ఉప్పు పూలు

జూలై 3, బుధవారం

మాట్లాడడం తగ్గించమని డాక్టరు చెప్పారు. రాయడం తగ్గించమని చెప్పలేదు. అందుకే ఇవాళ కలం పట్టాను. పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు. అక్షరాలు ఇంకా గుండ్రంగానే వస్తున్నాయి, పరవాలేదు.

గొంతులోకి సన్నటి గొట్టం పంపి, దాని కొసన ఉన్న దీపంతో చూశారు. తెర మీద నాకూ చూపించారు. లోపల రెండు తెల్లటి రిబ్బన్లలాంటివి ఉన్నాయి. అవి ఒకదానికొకటి తగిలి కదులుతుంటేనే గొంతు పలుకుతుందట. ఒక రిబ్బను అంచున ముత్యమంత బుడిపె ఉంది. "ఇది తీసి పరీక్షకి పంపాలమ్మా" అన్నారు. ఏం పరీక్ష అని నేను అడగలేదు. ఆయనే చెప్పారు. ఆ మాట ఇక్కడ రాయను.

"తీశాక మాట వస్తుంది. పాట సంగతి మాత్రం నేను మాటివ్వలేను" అన్నారు. నేను పాడతానని ఆయనకెలా తెలిసిందో. బహుశా నేనే చెప్పి ఉంటాను.

ఆపరేషన్‌కి ఎప్పుడొస్తారో చెప్పమన్నారు, అప్పటిదాకా పాడొద్దన్నారు. చూసుకుని చెబుతానని వచ్చేశాను.

ముత్యమే కదా. ముత్యం ఎవరికైనా హాని చేస్తుందా?

ఇంట్లో చెప్పలేదు. మా ఆయనకి కొత్త బజారులో దుకాణాల బోర్డులు రాసే పని తగిలింది. రోజంతా నిచ్చెన మీద ఉండే మనిషి. మనసు చెదిరితే చెయ్యి చెదురుతుంది. ఆ పని అయిపోయాక చెబుతాను.

జూలై 4, గురువారం

బళ్లో సైన్సు ల్యాబు కిటికీలు తుడిచాను. పొద్దున్న ఎండ నీలం మందు సీసాల్లోంచి వచ్చి బల్లల మీద పడుతుంది. అప్పుడు గదంతా నీళ్లడుగున ఉన్నట్టుంటుంది. పిల్లలు రాకముందు నేను ఆ నీలంలో గాజు గొట్టాలు కడుక్కుంటూ చేపలా తిరుగుతాను, పాడుకుంటూ.

ఇవాళ పెదవులు కదిపాను గానీ పాడలేదు.

లేదు. కొంచెం పాడాను.

జూలై 8, సోమవారం

కొత్తగా వచ్చిన సైన్సు మాస్టారి జేబుల్లో ఎప్పుడూ వైర్లే. పిల్లలు ఆయనకి వైర్ల మాస్టారని పేరు పెట్టేశారు. ఆయనకీ తెలుసు. మాకు కొడుకంటూ ఉంటే ఆ వయసే ఉంటుంది. ఎనిమిదో తరగతికి ఆయన పీరియడ్ భోజనాల తర్వాత పడింది. ఆ వేళకి పిల్లల కళ్లు వాటంతటవే వాలిపోతాయి. పోయిన వారం బోర్డు మీద 'ధ్వని అంటే కంపనం' అని రాసి వెనక్కి తిరిగేసరికి సగం క్లాసు చేతుల మీద తలలు పెట్టుకుని పడుకుంది. ఆయన సుద్దముక్క కింద పెట్టి, కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. నాకు జాలేసింది.

ఇవాళ ఒక లాప్‌టాప్, ప్రొజెక్టరు, పాత స్పీకరు, మైకు, గుండ్రటి స్టీలు పళ్లెం ఒకటి మోసుకొచ్చారు. పళ్లేనికి మధ్యలో చిల్లు పెట్టి స్పీకరు మీద బిగించారు.

"ఈ పళ్లెం ఎక్కడిది మాస్టారూ?" అన్నాను.

"మా ఇంట్లోదే అమ్మా. మా ఆవిడ ఇంకా వెతుకుతోంది."

పళ్లెం మీద సన్న ఉప్పు పలచగా చల్లారు. లాప్‌టాప్‌లోంచి ఒక కూత వినిపించారు. చెవిలో సూది దిగినట్టుంది. ఉప్పు పక్కకి జరిగి గీతలు కట్టింది. వింతగానే ఉంది గానీ పిల్లలు చెవులు మూసుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"అది మిషన్ సార్. మిషన్ మాట మిషన్ వినదా ఏంటి" అన్నాడు, బెంచీ మీద ఎప్పుడూ దరువేసే కుర్రాడు. వాణ్ణి అందరూ డప్పు అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అక్కడే ఉంటుంది.

ముందు బెంచీ పిల్ల లేచింది. ప్రతిదానికీ ఎందుకు అని అడుగుతుందని ఆ పిల్లకి ఎందుకమ్మ అని పేరు. "మనిషి పాడినా వస్తుందా సార్?"

"రావాలి."

"అయితే మీరు పాడండి సార్."

మాస్టారు పాడారు. పాపం. ఉప్పు బల్ల మీదకి దూకేసింది.

"ఉప్పుకి కూడా చెవులున్నాయి సార్" అన్నాడు డప్పు. క్లాసంతా విరగబడి నవ్వింది. మాస్టారూ నవ్వారు. నేను మూల తొట్టి దగ్గర సీసాలు కడుగుతున్నాను. ఎందుకమ్మ నా వైపు తిరిగింది. "ల్యాబమ్మ పాడుతుంది కదా సార్. రోజూ పొద్దున్నే పాడుతుంది."

అందరూ నన్నే చూశారు. ఒక్క స్వరమే కదా అనుకున్నాను. చేతులు తుడుచుకుని మైకు దగ్గరకెళ్లి, ఉదయం ప్రార్థన ఎత్తుకునే స్వరం పట్టి నిలిపాను.

గోడకి కట్టిన తెర మీద నా గొంతు పచ్చటి గీతై లేచి అలలు అలలుగా ఊగింది. పళ్లెం మీద ఉప్పు ముందు ఉలిక్కిపడింది. తర్వాత ఒక్కొక్క రేణువూ తన చోటు గుర్తొచ్చినట్టు బయలుదేరింది. చూస్తుండగానే రేకులు విచ్చుకున్నాయి. తెల్లటి పువ్వు. నేను ఊపిరి వదిలేశాను. పువ్వు అలాగే నిలిచిపోయింది.

ఒక్కరూ నవ్వలేదు. డప్పు చెయ్యి బెంచీకి అంగుళం పైన ఆగిపోయింది.

మాస్టారు మెల్లగా చెప్పారు. "పళ్లెం కొన్ని చోట్ల ఊగుతుంది, కొన్ని చోట్ల ఊగదు. ఊగే చోట ఉప్పు నిలవలేదు. కదలని చోటు వెతుక్కుని అక్కడ చేరుతుంది. మీకు కనిపిస్తున్న పువ్వు అంతా కదలని చోటే."

ఆ మాట ఇంటిదాకా నా వెంట నడిచొచ్చింది.

జూలై 9, మంగళవారం

గొంతు కొంచెం మండింది. ఉక్క వల్ల.

జూలై 15, సోమవారం

ఎనిమిదో తరగతి ఇప్పుడు గంట కొట్టకముందే వచ్చి తలుపు దగ్గర తోసుకుంటోంది. ఒకరు ఉప్పు చల్లుతారు, ఒకరు తెర మీద అలలు లెక్కపెడతారు, ఒకరు ఫోనుతో ఫొటో తీస్తారు. నేను మెట్లెక్కినట్టు ఒక్కో స్వరమూ ఎక్కుతాను. స్వరం ఎక్కేకొద్దీ తెర మీద అలలు దగ్గరదగ్గరగా ఒత్తుకుంటాయి, పళ్లెం మీద పువ్వుకి పనితనం పెరుగుతుంది. అలా ఎందుకవుతుందో ఇప్పుడు డప్పు కూడా చెప్పగలడు. వాడే మొన్న చెల్లెలికి చెప్పాడట, వాళ్లమ్మ వచ్చి నాతో అంది.

ఫొటోలన్నీ ఒక పెద్ద చార్టు మీద గళ్లలో అతికించారు. పైన 'ల్యాబమ్మ తోట' అని రంగు పెన్సిళ్లతో రాశారు. అట్టడుగున ఒక గడి ఖాళీగా ఉంది. ఆ గడి పువ్వు రావాలంటే చాలా కింది స్వరం కావాలి. లాప్‌టాప్ ఆ స్వరాన్ని మోగిస్తే ఉప్పు ఒట్టి వలయం కడుతోంది, చేతి గాజులా గుండ్రంగా. నేను అంత కిందకి దిగలేను. ఎప్పుడూ దిగలేదు. ప్రార్థన మందిరంలో చిన్నప్పటినుంచీ పైకే ఎత్తుకోవడం అలవాటు.

"మాస్టారు పాడితే అయిపోతుంది కదా" అన్నాడు డప్పు.

"తోట ల్యాబమ్మది. మధ్యలో మాస్టారి మొక్క ఎందుకు?" అంది ఎందుకమ్మ.

"పోనీ మిషన్‌తో చేసి అతికించేద్దాం."

"దొంగ పువ్వు అతికిస్తావా?"

ఖాళీ గడి ఖాళీగానే ఉంది.

వచ్చే నెల పదిహేడున తల్లిదండ్రులు బడికి వస్తారు. ఆ రోజు అందరి ముందూ తోట చూపించాలని మాస్టారి కోరిక. "మీరు పాడతారు కదమ్మా?" అన్నారు. ఆయన కళ్లలో ఆ సంతోషం చూసి కాదనలేకపోయాను. తల ఊపాను.

సాయంత్రం ఆసుపత్రి నుంచి నర్సు ఫోను చేసింది. వచ్చే నెల పదమూడున ఖాళీ ఉందట. పదిహేడు దాటాక చూద్దామన్నాను. "దీనికి ఆలస్యం మంచిది కాదమ్మా" అంది. మర్యాదగల పిల్ల.

జూలై 21, ఆదివారం

ప్రార్థనలో పై స్వరం దగ్గర గొంతు జారింది. దగ్గుతో కప్పేశాను. మందిరంలో పాటలు నడిపించేది మా పెద్దాడపడుచు. ఆవిడ వెంటనే అందుకుని తన శృతిలో లాగించింది. ఆవిడ శృతి ఆవిడకొక్కదానికే తెలుసు.

బయటికొచ్చాక చెప్పులు వేసుకుంటూ అంది, "ఏమ్మా, బళ్లో ఉప్పుకీ చింతపండుకీ కచేరీలు చేస్తున్నావట. దేవుడి దగ్గరకొచ్చేసరికి గొంతు అరిగిపోయిందా?"

"జలుబు వదినా."

"మా తమ్ముడికి చెప్పి మిరియాల కషాయం పెట్టించుకో. నువ్వు లేకపోతే ఇక్కడ నా గొంతే దిక్కు. దేవుడి మీద జాలుంటే తొందరగా తగ్గించుకో."

నవ్వాను. దారంతా నవ్వుకుంటూనే వచ్చాను. ఇంటి తాళం తీసి నేరుగా దీపం దగ్గర కూర్చున్నాను.

స్వామీ, నేను అడిగేది పెద్దది కాదు. నీ దగ్గర తీసుకున్నదే, నీకే పాడుతున్నాను. వెనక్కి తీసుకుంటే నీకేం మిగులుతుంది?

ఇలా రాయకూడదు. బేరం ఆడినట్టుంది.

జూలై 24, బుధవారం

ఇవాళ పువ్వు రాలేదు.

అదే స్వరం, రోజూ ఎత్తుకునేదే. ఉప్పు లేచింది, అటూ ఇటూ పరుగులు పెట్టింది, ఎక్కడా కుదురుకోలేదు. గోడ మీద పచ్చ గీత అంచులు పీచు లేచిన తాడులా ఉన్నాయి. "గీత చిరిగింది సార్" అన్నాడు డప్పు.

మాస్టారు మైకు తట్టి చూశారు. "మైకు పాతదైపోయింది. దీంట్లో ఏదో వదులైనట్టుంది."

నేను అవునన్నాను. అనవలసిన అవసరం లేదు. అన్నాను.

జూలై 25, గురువారం

మైకే అయ్యుంటుంది.

జూలై 29, సోమవారం

మాస్టారు దీన్ని కూడా పాఠం చేసేశారు. "ఏది పాడైందో తెలియనప్పుడు అన్నీ ఒకేసారి మార్చకూడదు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మిగతావి అలాగే ఉంచాలి. అప్పుడే దొంగ దొరుకుతాడు." బోర్డు పక్కన నిలువుగా రాశారు: మైకు, వైరు, స్పీకరు, పళ్లెం, ఉప్పు, గొంతు. మార్చి చూసినది కొట్టేయాలి. చివరి మాట రాసేటప్పుడు ఆయన నా వైపు చూసి నవ్వారు, పాఠం కోసం రాస్తున్నానన్నట్టు.

మంచి మైకు కావాలంటే మందిరంలోది అడిగి తెస్తానని నేనే అన్నాను. నా నోటితో నేనే. వదిన దాన్ని గుడ్డలో చుట్టి ఇస్తూ, "దీనికేమైనా అయితే దేవుడికి నువ్వే జవాబు చెప్పుకో" అంది.

దేవుడి మైకులో కూడా గీత చిరిగే ఉంది. పిల్లలు బోర్డు మీద మైకుని కొట్టేశారు.

పాడిన ప్రతిసారీ లోపల గాజుపెంకు గీసినట్టుంటోంది. అయినా దొంగని వెతికే ఆ పిల్లల ముఖాలు చూస్తే ఆగలేను. ఎంత శ్రద్ధ. నిద్రపోయే క్లాసు ఇదేనా అనిపిస్తుంది. నేను పాడేది వాళ్ల కోసమే.

వాళ్ల కోసమేనా?

జూలై 31, బుధవారం

వైరు కొట్టేశారు. స్పీకరు కొట్టేశారు.

ఆయన ఈ మధ్య పొద్దున్నే వంటింట్లోకొచ్చి టీ పెడుతున్నారు, ఈల వేసుకుంటూ. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన ఈల వేయడం ఎరగను. ఏమిటీ కొత్త విద్య అంటే, "నిచ్చెన మీద ఊసుపోక నేర్చుకున్నా" అన్నారు. శుద్ధ తప్పుగా వేస్తారు. గిన్నెలు తోముతూ విన్నాను. ఇల్లు ఖాళీగా లేదనిపించింది.

ఆగస్టు 2, శుక్రవారం

తెల్లవారుజామున కల. నేను ల్యాబు నేల మీద నడుస్తున్నాను. నేలంతా ఉప్పు, వెన్నెల రంగులో. నోరు తెరిస్తే గొంతులోంచి శబ్దం రావడం లేదు, ఆ నీలం సీసాల వెలుతురు వస్తోంది. అది పడ్డ చోటల్లా ఉప్పు పక్కకి తప్పుకుని నాకు దారి ఇస్తోంది. దారి చివర ఎవరో కూర్చుని ఉన్నారు. ముఖం కనబడలేదు. నేను పాడాలని ప్రయత్నిస్తుంటే ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. కోపంగా కాదు, పసిబిడ్డ పడుకుందని చెప్పినట్టు.

 అది అందమైన కలేనా, భయపెట్టే కలా అన్నది తేల్చుకోలేకపోయాను. బడికి వెళ్లే దారిలో సన్నటి జల్లు. గొడుగు తెరవకుండానే నడిచాను.

ఆగస్టు 5, సోమవారం

పళ్లెం మార్చారు. మాస్టారి ఇంట్లోంచి రెండో పళ్లెం కూడా మాయమైంది. ఉప్పుకి చెమ్మ తగిలిందేమోనని డప్పు దాన్ని పెనం మీద వేయించి పొట్లం కట్టుకొచ్చాడు. గీత చిరిగే ఉంది. ఉప్పు కుదురుకోలేదు.

మాస్టారు మళ్లీ వైరు విప్పబోయారు. ఎందుకమ్మ చెయ్యెత్తింది. "నేను పాడి చూస్తాను సార్."

ఆ పిల్ల ఎప్పుడూ పాడలేదు. కళ్లు మూసుకుని, పిడికిళ్లు బిగించి, ఒక స్వరం పట్టింది. పచ్చ గీత నున్నగా, తెగకుండా గోడ పొడుగునా సాగింది. పళ్లెం మీద చిన్న పువ్వు పూసింది.

అది కళ్లు తెరిచి పువ్వుని చూసింది, తర్వాత బోర్డుని చూసింది. కొట్టేయకుండా మిగిలిన మాట ఒక్కటే. ఎవరూ దాన్ని పైకి చదవలేదు. డప్పు బెంచీ కిందకి చూశాడు. మాస్టారు చేతిలో వైరు అలాగే పట్టుకుని ఉన్నారు.

గంట కొట్టింది. అందరూ వెళ్లాక ఎందుకమ్మ తొట్టి దగ్గరకొచ్చి నా పక్కన నిలబడింది.

"ల్యాబమ్మా, నొప్పిగా ఉందా?"

"జలుబమ్మా."

"మరి తగ్గట్లేదెందుకు?"

కుళాయి కట్టేశాను. ఆ పిల్ల కడిగిన గొట్టాలని ఒక్కొక్కటే తీసి తుడిచి స్టాండులో పెట్టింది. "నేనెవరికీ చెప్పను. కానీ బోర్డు మీద ఉంది కదా" అంది.

తర్వాత మాస్టారికి చెప్పాను. ముత్యం సంగతి, పరీక్ష సంగతి, అన్నీ. ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. "నెల రోజులుగా మీ చేత పాడించింది నేనేనమ్మా" అన్నారు. "నేను వైర్లు మారుస్తూ ఉన్నాను."

"మీరేం చేశారు మాస్టారూ. నేనే కదా దొంగని దాచింది."

"పదిహేడు సంగతి మర్చిపోండి. రేపే ఆసుపత్రికి ఫోను చేయండి. లేదంటే నేను చేస్తాను."

ఇంత గట్టిగా మాట్లాడగలరని నాకు తెలియదు. పళ్లెం మీద ఎందుకమ్మ పువ్వు ఇంకా చెదరకుండా ఉంది. దాన్ని తుడవకుండానే తాళం వేశాను.

ఆగస్టు 6, మంగళవారం

ఆయనకి చెప్పాను. భోజనం అయ్యాక, కంచాలు తీయకముందు. ఎలా చెప్పాలో నిన్నటినుంచీ మనసులో కూర్చుకున్నవన్నీ మరిచిపోయి, "నా గొంతులో ఏదో ఉందండీ" అన్నాను.

ఆయన గోళ్ల సందుల్లో ఎరుపు రంగు గీరుకున్నారు. "నువ్వు వంటింట్లో పాడడం మానేసి ఎన్నాళ్లయిందో నాకు తెలియదనుకున్నావా?" అన్నారు.

"మరి అడగలేదేం?"

"చెబుతావని చూశాను. నువ్వు చెప్పలేదు. ఇల్లు మూగబోతోందని నేనే ఈల మొదలుపెట్టాను. అదీ సరిగ్గా రాదాయె."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏం పరీక్షో కూడా చెప్పాను, ఆ మాటతో సహా. నోటితో అన్నాక అది కాస్త చిన్నదైనట్టు అనిపించింది. ఆయన లేచి కంచాలు తీసుకెళ్లి కడిగారు. చాలాసేపు కడిగారు.

ఆసుపత్రికి ఫోను చేస్తే పదమూడుకే రమ్మన్నారు.

ఆగస్టు 12, సోమవారం

రేపు. సంచీ సర్దాను. డాక్టరు ఈ రాత్రి నుంచే మౌనం అన్నారు. అందుకని సాయంత్రం ఎండ గోడ మీద ఉండగానే ఆయన ఎదురుగా కూర్చుని ప్రార్థన పాడాను, ఎంత వస్తే అంత. పై స్వరం రాలేదు. వదిలేశాను. ఆయన చివరిదాకా విని, "బాగుంది" అన్నారు. పాట గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనరు.

స్వామీ, బేరం లేదు.

ఆగస్టు 14, బుధవారం

అయింది. మాట్లాడకూడదు. నొప్పి ఉంది. ఆయన కుర్చీలో కునుకు తీస్తున్నారు.

ఆగస్టు 18, ఆదివారం

ఇంటికొచ్చాం. వంటింటి తలుపు మీద ఆయన చిన్న బోర్డు రాసి తగిలించారు, దుకాణాల అక్షరాలతో, నీడలు కూడా వేసి: 'మాటలు మూసివేయబడినవి. లోపల మరమ్మతులు జరుగుచున్నవి. యజమాని అనుమతి లేనిదే నవ్వించరాదు.'

ఆ బోర్డు చూసే నవ్వాను. నొప్పి పుట్టింది.

మధ్యాహ్నం వదిన వచ్చింది. నిన్న బడికి వెళ్లిందట. నేను వెళ్లమని చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. "మందిరం మైకు వెనక్కి తెచ్చుకుందామని వెళ్లాను, అంతే" అంది. మంచం అంచున కూర్చుని చాలాసేపు సంచి సర్దుకుంది.

"మీ వైర్లబ్బాయి నువ్వు జూలైలో పాడినదంతా రికార్డు చేసి దాచి ఉంచాడే. జనమందరి ముందూ పెట్టాడు. నువ్వు లేవు, నీ గొంతు ఉంది. ఆ ఉప్పేమో లేచి కూర్చుంది. పువ్వులు పువ్వులు. పక్కన ఒకావిడ ఏడ్చేసింది. నేను ఏడవలేదు." ముక్కు చీదింది. "ఒక గడి ఖాళీగా ఉందేమిటని ఎవరో అడిగితే, దరువేస్తాడే వాడు, 'అది ల్యాబమ్మ వచ్చాక పూస్తుంది' అన్నాడు. చూడూ, వాళ్లు నీకోసం గడి అట్టిపెట్టారు. నేను మందిరంలో నీ చోటు అట్టిపెట్టకపోతే బాగోదు. అయితే అప్పటిదాకా పాడేది నేనే, దేవుడు భరించాల్సిందే."

నాకు మాట లేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ లాక్కోలేదు.

ఆగస్టు 21, బుధవారం

పరీక్ష కాగితం వచ్చింది. చెడ్డది కాదు. ఆయన ఆ వాక్యం రెండుసార్లు చదువుకుని, బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నారు.

ఆగస్టు 30, శుక్రవారం

మౌనంగా ఉంటే ఇల్లు ఎన్ని చప్పుళ్లు చేస్తుందో. కుళాయి, కుర్చీ, ఆయన కుంచె డబ్బా అంచుకి తగిలే చప్పుడు. దీపం దగ్గర కూర్చుంటాను. పెదవులు కదపకుండా ప్రార్థన చేయడం మొదట్లో దొంగతనంలా అనిపించింది. నా వంతు పని చేయకుండా కూర్చున్నట్టు. ఇప్పుడు అలా లేదు. పాడేటప్పుడు సగం మనసు పై స్వరం మీదే ఉండేది, అందుతుందా, అందరూ విన్నారా అని. ఇప్పుడు ఆ సగానికి పని లేదు. అది కూడా వచ్చి నా పక్కన కూర్చుంటోంది.

మాస్టారు అన్నది గుర్తొస్తుంది. కదలని చోటు వెతుక్కుని.

సెప్టెంబరు 9, సోమవారం

డాక్టరు మాట్లాడనిచ్చారు. నా గొంతు నాకే కొత్త. బొంగురుగా, కిందగా, ఎవరో పెద్దమ్మ పక్క గదిలోంచి పిలిచినట్టుంది. పైకి వెళ్లాలని చూస్తే గాలి మాత్రమే వస్తుంది. "పై స్వరాలు తిరిగి రాకపోవచ్చమ్మా. బలవంతం చేయొద్దు" అన్నారు. పెదవులు మూసుకుని, వీలైనంత కింద, తేలిగ్గా 'మ్' అని సాగదీయమన్నారు, రోజూ.

వంటింట్లో చేస్తుంటే ఆయన వచ్చి విన్నారు. "ఇదెవరు కొత్తగా?" అన్నారు.

"నేనేనండీ."

"కూర్చోమను. టీ ఇద్దాం."

నవ్వాను. తర్వాత స్నానాల గదిలోకెళ్లి ఏడ్చాను. రెండూ రాయాలి. ఒకటి రాసి ఒకటి దాస్తే మళ్లీ జూలై అవుతుంది.

సెప్టెంబరు 23, సోమవారం

ఇవాళ పనిలోకి వెళ్లాను. నీలం సీసాల వెలుతురు బల్లల మీద అలాగే ఉంది. సీసాల మీద దుమ్ము కూడా అలాగే ఉంది.

భోజనాల తర్వాత ఎనిమిదో తరగతి వచ్చింది. ఇప్పుడు వెలుతురు పాఠం నడుస్తోంది, అద్దాలు, టార్చిలైట్లు. నన్ను చూసి ఎవరూ అరవలేదు. మాట్లాడించకూడదని మాస్టారు గట్టిగా చెప్పి ఉంచారట. అందరూ ఆసుపత్రికొచ్చినట్టు మునివేళ్ల మీద నడిచారు. డప్పు బెంచీ మీద దరువు కూడా వేలి చివర్లతో వేస్తున్నాడు. చివరికి నేనే అన్నాను, "నాకు మాటొచ్చిందిరా."

ఆ గొంతు విని వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ల్యాబమ్మా, మీ గొంతు కిందకెందుకొచ్చింది?" అంది ఎందుకమ్మ. మాస్టారు దాన్ని కళ్లతో వారించబోయారు.

"పైకెళ్లే దారిలో మరమ్మతులు చేశారమ్మా. కింద దారే ఉంది."

ఆ పిల్ల చార్టు వైపు చూసింది. నేనూ చూశాను. అట్టడుగు గడి. నేను దాని గురించి ఆలోచించలేదని రాస్తే అబద్ధం. పొద్దున్న తాళం తీసినప్పటినుంచీ దాని వైపు చూడకుండానే తిరుగుతున్నాను.

 నేనే వెళ్లి బీరువాలోంచి పళ్లెం తీశాను. డప్పు పరిగెత్తి ఉప్పు డబ్బా తెచ్చాడు, మాస్టారు మైకు, స్పీకరు కలిపారు. "కొంచెంసేపే అమ్మా. నొప్పి అనిపిస్తే ఆపేయాలి" అన్నారు మాస్టారు. నేను పెదవులు మూసుకుని, డాక్టరు చెప్పినట్టు, ఏమీ అందుకోవాలనుకోకుండా, ఉన్న చోటే 'మ్' అన్నాను.

పచ్చ గీత లేచింది. పొట్టిది. అలలు దూరదూరంగా, బద్ధకంగా ఊగాయి. అంచులు మాత్రం నున్నగా ఉన్నాయి. ఉప్పు కదలలేదు. ఇంకొంచెం కిందకి దిగాను. ఇంతకు ముందెప్పుడూ చూడని మెట్టు ఒకటి కాలికి తగిలినట్టయింది. దాని మీద నిలబడ్డాను. అప్పుడు ఉప్పు నెమ్మదిగా లేచి, మధ్యలోంచి కొంత, అంచుల నుంచి కొంత నడిచొచ్చి, ఒకటే వలయమై ఆగింది. రేకులు లేవు, పనితనం లేదు. గాజు అంత గుండ్రం.

ఊపిరి అయిపోయింది. వలయం ఉంది.

ఎందుకమ్మ ఫొటో తీసింది. తొందరలో మొదటిది చెడిపోయింది, రెండోది బాగా వచ్చింది. రేపు అతికిస్తారు. డప్పు అన్నాడు, "అన్నిటికంటే తేలిక పువ్వే ఆఖర్న పూసింది సార్." మాస్టారు జేబుల్లో వైర్లు వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నారు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. వచ్చే ఆదివారం మందిరానికి వెళ్తాను. వదిన పైన పాడుతుంది, నేను కింద 'మ్' అంటాను. దేవుడికి కొంత ఊరటగా ఉంటుంది.

ఇక రాయాల్సింది లేదు. మాటొచ్చింది కదా.

ఏమండీ, ఈ పుస్తకం బీరువాలో నా శాలువా కింద పెడుతున్నాను. ఎప్పటికైనా మీ చేతికే దొరుకుతుంది. దొరికితే పారేయకండి, ఉంచండి. మీరు చదువుకోండి, అంతే. ఎవరికీ చూపించకండి. ముఖ్యంగా మీ అక్కయ్యకి. ఆవిడ శృతి గురించి ఒకచోట రాశాను, కొట్టేయడానికి మనసు రాలేదు.